లాట్ నంబరు

రొయ్యకు జాతకం ఉంటుంది. వేళాకోళం కాదు. భీమిలి నుంచి కాకినాడ దాకా తీరం పొడవునా ఉన్న హేచరీల్లో పిల్లల్ని పెట్టే వనామీ తల్లిరొయ్య మన సముద్రంలోది కాదు, పసిఫిక్ తీరపు జాతి. దాన్ని మన దేశంలో పెంచుకోవడానికి 2009లో అనుమతి వచ్చింది. విమానంలో చెన్నైలో దిగి, నీలాంకరైలో సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ (ఎంపెడా) ఆధ్వర్యంలో నడిచే క్వారంటైన్‌లో గడిపి, రోగాలేవీ లేవని కాగితం పుట్టాకే ఆ తల్లి హేచరీ తొట్టి మొహం చూస్తుంది. దాని పిల్లలు ఏ చెరువులో పెరిగాయో రాసిపెడతారు. పట్టుబడికి ముందు నమూనా తీసి క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటి మందుల జాడ ఉందేమో చూస్తారు. యూరప్ వెళ్లే సరుకైతే ఆ పరీక్ష పత్రం తప్పనిసరి. ప్లాంటుకు వచ్చాక లాట్ నంబరు పడుతుంది. చివరికి మైనస్ 18 డిగ్రీల చలిలో, సీలు వేసిన రీఫర్ కంటైనర్‌లో, విశాఖ రేవులో ఓడ ఎక్కుతుంది.

నేను ఆ రేవు దగ్గర ఓ క్లియరింగ్ ఏజెంటు ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైనవాణ్ణి. ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్టు, షిప్పింగ్ బిల్లు, హెల్త్ సర్టిఫికెట్, బిల్ ఆఫ్ లేడింగ్... ఈ కట్టల మధ్యే జుట్టు నెరిసింది. అమెరికాలో ఎక్కడో ఒక పెట్టెలో మందు ఆనవాలు బయటపడిందంటే చాలు, లాట్ నంబరు పట్టుకుని ఒక్కో మెట్టే వెనక్కి దిగుతూ వచ్చి, ఉండి దగ్గరో గణపవరం దగ్గరో ఫలానా చెరువు గట్టు మీద నిలబడగలరు. మొదట్లో ఇదంతా ముచ్చటగా ఉండేది. ఆ కట్టలో అన్నిటికీ గడి ఉంది. బరువుకు ఉంది, కౌంటుకు ఉంది, పైన పట్టించిన ఐసు పొర ఎంత శాతమో దానికీ ఉంది. ఆ రొయ్యను వలిచిన మనిషికి లేదు. ఆమె ఎన్ని గంటలు నిలబడింది, ఆ పూట ఎంత కూలి ముట్టింది అని అడిగే ఫారం నా చేతుల్లోంచి ఒక్కటీ వెళ్లలేదు.

ఈ సరుకు కొనే పెద్ద పెద్ద దుకాణాల వాళ్లను కూలీల గురించి అడిగితే సాధారణంగా వచ్చే జవాబు ఒకటుంది. సరుకు ఎన్నో చేతులు మారి వస్తుందనీ, అట్టడుగున ఎవరు ఎలా పనిచేస్తున్నారో కనిపెట్టడం చాలా కష్టమనీ. ఈ మాట నేను నమ్మను. నా అపనమ్మకానికి ఏ సిద్ధాంతమూ ఆధారం కాదు, ఆ రొయ్యే ఆధారం. మందు జాడ తేలాల్సిందేనని కొనేవాడు పట్టుబట్టాడు, తేల్చే ఏర్పాటు పుట్టుకొచ్చింది. తినేవాళ్ల కడుపు సంగతి కాబట్టి చెరువు దాకా దారి పడింది. వలిచేవాళ్ల కడుపు కోసం అలాంటి దారి వెయ్యమని అంత గట్టిగా అడిగినవాడు లేడు. అరకు కాఫీని చూడండి. 2017లో పారిస్‌లో కొట్టు తెరిచినప్పుడు అరకు గిరిజన రైతులు పండించారన్న మాటే దాని గొప్ప. మనిషి పేరు చెబితే ధర పలికే చోట మనిషి పేరు భేషుగ్గా దొరుకుతుంది.

వలుపు పని చూడనివాళ్లకు కాస్త చెప్పాలి. స్టీలు బల్లలకు రెండు పక్కలా ఆడవాళ్లు నిలబడతారు. తలకు టోపీ, మూతికి గుడ్డ, ఒంటికి ఆప్రాన్, కాళ్లకు గమ్‌బూట్లు. కళ్లు తప్ప ఏమీ కనిపించవు. బల్ల మీద ఐసు, ఐసులో రొయ్య. తల తుంచాలి. బొటనవేలు కాళ్ల సందులో దూర్చి పెంకు ఊడదియ్యాలి. వీపు మీద గాటు పెట్టి నల్లటి పేగు లాగాలి. తోక ఉంచమన్న ఆర్డరైతే చివరి గణుపు దగ్గర చెయ్యి ఆగాలి, జారిందా ఆ రొయ్య ధర పడిపోయినట్టే. తల మీది ముల్లు గ్లౌజును లెక్కచెయ్యదు. వలిచింది తూకం వేసి చీటీ ఇస్తారు. చీటీ మీద తేదీ ఉంటుంది, కిలోలు ఉంటాయి, లాట్ నంబరు ఉంటుంది, బల్ల నంబరు ఉంటుంది.

మా వీధిలో ఒకావిడ ఈ పనికి వెళ్తుంది. కోడి కూయకముందే జంక్షన్‌లో వేన్ ఎక్కుతుంది, దీపాలు పెట్టాక దిగుతుంది. ఐసులో నాని నాని ఆమె వేళ్ల కొసలు నున్నగా అరిగిపోయాయి. రేషన్ డిపోలో మిషను మీద వేలు పెడితే అది ఒప్పుకోదు. తుడిచి పెట్టు, ఇంకో వేలు పెట్టు, కాస్సేపాగి రా అంటారు. వెనక లైన్లో నేనుండి చూస్తుంటే ఇటు తిరిగి నవ్వింది. "నా ఏలిముద్ర రొయ్య తినేసింది బాబాయ్!"

"కంపెనీ మనిషివా అమ్మా, కాంట్రాక్టరు మనిషివా?" అని ఒకసారి అడిగాను.

"నానా? మూడో నంబరు వేను మనిషిని" అంది. జోకు వెయ్యలేదు, అడిగినదానికి జవాబు చెప్పింది. కంపెనీలో ఆమెను ఎరిగినవాళ్లు లేరు. కాంట్రాక్టరును ఆమె చూడలేదు. ఇద్దరి మధ్య ఉన్నవాడు వేన్‌లో ముందు సీట్లో కూర్చునే మేస్త్రి. మస్టరు అతని దగ్గర, కూలి డబ్బులు అతని దగ్గర, రేపటి నుంచి రావద్దని చెప్పే అధికారమూ అతని దగ్గరే.

2024 మార్చిలో అమలాపురం పేరు అమెరికా వార్తల్లోకెక్కింది. అక్కడి చాయిస్ కానింగ్ కంపెనీ రొయ్యల ప్లాంటులో మేనేజరుగా కొద్దికాలం పనిచేసిన జాషువా ఫారినెల్లా అనే అమెరికన్ తన దగ్గరున్న కాగితాలూ వీడియోలూ ఔట్‌లా ఓషన్ ప్రాజెక్ట్ అనే జర్నలిస్టుల సంస్థకు ఇచ్చాడు. దూరప్రాంతాల నుంచి కాంట్రాక్టర్లు తెచ్చిన కూలీలు ఆవరణ దాటలేకపోవడం, కిక్కిరిసిన వసతి, తనిఖీకి వచ్చినవాళ్ల కంట పడనివ్వని గదులు... ఇవీ ఆరోపణలు. కంపెనీ ఖండించింది. ఎవరిది నిజమో తేల్చడం నా వల్ల అయ్యే పని కాదు. నన్ను ఆలోచనలో పడేసింది వేరే సంగతి. అదే మాట ఒక వలుపు కూలీ తెలుగులో చెబితే ఎంత దూరం పోయేది? మేస్త్రి చెవి దాటేదా? పెద్ద జీతం తీసుకునే దొర నోట వచ్చేసరికి సముద్రాలు దాటింది. ఇక ఆడిట్లంటారా, ముందే కబురు పెట్టి వచ్చే ఆడిట్ పెళ్లిచూపుల్లాంటిది. ఆ పూట ఇల్లంతా అద్దంలా ఉంటుంది, అమ్మాయి వంట చేస్తుంది, పాట పాడుతుంది.

కింది మాట పైకి వెళ్లదుగానీ పైమాట కిందికి దిగడానికి ఒక్క రాత్రి చాలు. 2025 ఏప్రిల్‌లో అమెరికా అధ్యక్షుడు సుంకాలు ప్రకటించాడో లేదో గోదావరి జిల్లాల్లో రొయ్య ధర కింద పడింది. అప్పటికి ఆ సుంకం అమల్లోకే రాలేదు. ఆగస్టు 27 నాటికి అది 50 శాతానికి చేరింది. వాషింగ్టన్‌లో పలికిన మాటకు భీమవరంలో రైతు ఏడ్చాడు, మా వీధి చివర మూడో నంబరు వేన్ కొన్ని రోజులు రావడం మానేసింది. ఎందుకు రాలేదో ఎక్కేవాళ్లకు ఎవరూ చెప్పలేదు. జంక్షన్‌లో నిలబడి, ఎండెక్కాక ఇళ్లకు వెళ్లిపోయారు.

ఎగుమతి మా ఉత్తరాంధ్రకు కొత్త విద్యేమీ కాదు. 1933లో జలదుర్గ ఓడ విశాఖ రేవులోకి వచ్చాక మధ్య పరగణాల మాంగనీసు ఇక్కణ్ణుంచి బయటికి వెళ్లింది. తర్వాత కొత్తవలస-కిరండూల్ లైను మీదుగా బైలదిల్లా ఇనుపరాయి దిగి జపాన్‌కు వెళ్లింది. ఆ రెండిటికీ ముందు ఈ తీరం ఎగుమతి చేసింది మనుషుల్ని. విశాఖ, భీమిలి, కళింగపట్నంలో పడవలెక్కి మనవాళ్లు రంగం వెళ్లేవారు. రంగూన్‌కు ఇక్కడి నోట పడ్డ పేరది. మేస్త్రి అడ్వాన్సు ఇచ్చి ఓడ టిక్కెట్టు తీసేవాడు. అక్కడ తన జట్టులో వేసుకునేవాడు. కూలి అతని చేతి మీదుగానే, అప్పు కోసుకున్నాక. రంగం రేవులో బియ్యం బస్తాలు మోసినవాళ్లలో ఎక్కువమంది తెలుగు కూలీలు. 1930 మేలో కూలి పెంచమని వాళ్లు సమ్మె కట్టారు. ఓడలవాళ్లు బర్మీయుల్ని పనిలోకి దించారు. ఆ తర్వాత బేరం కుదిరి తెలుగువాళ్లను వెనక్కి పిలిచి, బర్మీయుల్ని ఇక పొమ్మన్నారు. మే 26న రేవులో తగాదా రేగింది. ఊరంతా పాకింది. తెలుగు కూలీలను వీధుల్లో వెంటాడి నరికారు, వందమందికి పైగా చచ్చిపోయారు. జాతుల కొట్లాట అని పేరు పెట్టారు దానికి. నా మటుకు నాకు అది కూలి బేరం. బేరమాడినవాళ్ల వెంట్రుక కూడా కదల్లేదు, ఆకలి మీదున్న రెండు గుంపులు కొట్టుకుచచ్చాయి. 1960ల్లో బర్మా నుంచి తరిమేస్తే కట్టుబట్టలతో తిరిగొచ్చిన కుటుంబాల పేరు మీదే కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు ఉంది. అటు వెళ్లే సిటీ బస్సులో రోజూ ఎక్కి దిగేవాళ్లలో ఎంతమందికి ఈ కథ తెలుసో.

రేవు కూలీ బాధ ఏమిటంటే పని రోజూ ఉండదు. ఓడ వస్తే ఉంది, లేకుంటే పస్తు. పొద్దున్నే గేటు ముందు గుంపు కూడతారు, మేస్త్రి వేలు ఎవరివైపు చూపిస్తే వాళ్లు లోపలికి. ఈ పద్ధతి మార్చమని 1931లో విట్లీ అధ్యక్షతన పనిచేసిన రాయల్ కమిషన్ చెప్పింది. స్వతంత్రం వచ్చాక, 1948లో డాక్ వర్కర్ల చట్టం చేశారు. దాని కింద పెద్ద రేవుల్లో డాక్ లేబర్ బోర్డులు వచ్చాయి, విశాఖలోనూ వచ్చింది. ప్రభుత్వం, యజమానులు, కార్మికులు ఒకే బల్ల దగ్గర కూర్చునే బోర్డు. కళాసీ పేరు రిజిస్టరులో రాశారు. పని వంతులవారీగా. ఓడ రాని రోజున వచ్చి హాజరు వేయించుకుంటే దానికీ కొంత భత్యం. ఓడ ఏ దేశానిదైనా, సరుకు ఏ సేఠ్‌దైనా, దించే స్టీవెడోర్ ఎవరైనా కళాసీ మాత్రం బోర్డు మనిషి.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ బోర్డు కళాసీల దర్పం చూశాను. మోకాళ్ల పైకి కట్టిన లుంగీ, భుజాన కొక్కెం, చెవిలో బీడీ. స్లింగులో బస్తాలు ఎక్కువ పేరిస్తే ఓడ మీది ఫోర్‌మన్ మొహం మీదే "బరువెక్కువైంది, దించండి" అనేవారు. దించేవాళ్లు. వీళ్ల తాతలు రంగంలో మేస్త్రికి దండం పెట్టినవాళ్లే. ఒంట్లో బలం పెరగలేదు, పెద్ద చదువులూ రాలేదు. పేరు ఒక పుస్తకంలోకి ఎక్కింది, ఆ పేరు కొట్టేయాలంటే కారణం చూపించాలి. నడక మారడానికి అది సరిపోయింది. బోర్డు రామరాజ్యం అని నేననను. దొంగ హాజర్లుండేవి, యూనియన్ పెద్దల చుట్టరికాలుండేవి, ఓడ త్వరగా ఖాళీ కావాలంటే స్పీడ్ మనీ అని ఇంకో లెక్క నడిచేది. మా ఆఫీసు మొత్తం వాళ్లను తిట్టుకుంటూనే టీ తాగేది.

తర్వాత పెట్టెలు వచ్చాయి. బోర్డులను పోర్టుల్లో కలిపేసుకోవడానికి 1997లో చట్టం చేశారు. 2003లో విశాఖ కంటైనర్ టెర్మినల్ మొదలైంది. క్రేను పెట్టెను ఎత్తి లారీ మీద పెడుతుంది, జట్టుతో పని లేదు. గేటు ముందు గుంపు మాయమైందని అందరం అనుకున్నాం. అది ఊళ్లోకి జరిగింది, అంతే. పెట్టె నిండేది ఇప్పుడు రేవులో కాదు. ఫ్రీజింగ్ ప్లాంటులో, అచ్యుతాపురం సెజ్‌లో, పరవాడ ఫార్మా సిటీలో. తెల్లారగట్ల ఆ రోడ్ల మీద వేన్లు, బస్సులు, వాటి కోసం కూడళ్లలో టిఫిన్ డబ్బాలతో నిలబడ్డ ఆడపిల్లలు. ఎవరిని ఎక్కించుకోవాలో వేలు చూపించేవాడు ఇంకా ఉన్నాడు. రిజిస్టరు మాత్రం వాళ్ల వెంట రాలేదు.

విశాఖ ఉక్కు సంగతి వేరేగా ఉంటుందనుకుంటాం. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోతే వచ్చిన ఫ్యాక్టరీ అది. అక్కడ కరిగిన ప్రతి హీట్‌కూ నంబరు ఉంటుంది. ఏ కడ్డీ ఏ హీట్‌లోదో, అందులో కార్బన్ ఎంతో, సల్ఫర్ ఎంతో టెస్ట్ సర్టిఫికెట్ చెబుతుంది. అదే షాపులో మసి ఎత్తే కాంట్రాక్టు కార్మికుడి ఉనికికి సాక్ష్యం మెళ్లో వేలాడే గేటు పాసు. టెండరు మారినప్పుడల్లా కాంట్రాక్టరు మారతాడు, కార్మికుడు మారడు. ఏళ్ల తరబడి అదే కన్వేయరు కింద ఉంటాడు, సర్వీసు మాత్రం మళ్లీ మొదటికొస్తుంది. పూర్తిగా అమ్మేయాలని 2021 జనవరిలో కేంద్రం నిర్ణయించాక కూర్మన్నపాలెంలో కార్మికుల నిరసన శిబిరం గురించి పేపర్లు రాశాయి. 2024లో వేలమంది కాంట్రాక్టు కార్మికుల పాసులు ఆపేస్తే గొడవ జరిగి వెనక్కి తగ్గారు. 2025లో తగ్గింపులు మళ్లీ మొదలయ్యాయి. ప్లాంటు ఎవరిదవుతుందన్న చర్చలో వీళ్ల సంగతి చివరి పేరాలో వస్తుంది, చోటుంటే.

సరుకుకున్న తనిఖీ మనిషికి లేకపోవడం ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది. 2022 జూన్ 3న అచ్యుతాపురంలోని బ్రాండిక్స్ ఆవరణలో, విదేశాలకు లోదుస్తులు కుట్టే సీడ్స్ కంపెనీలో మిషన్ల ముందున్న ఆడవాళ్లు గాలి పీల్చి వాంతులు చేసుకుంటూ పడిపోయారు. పరీక్షల్లో క్లోర్‌పైరిఫాస్ అనే పురుగుమందు జాడ తేలింది. రెండు నెలలకే, ఆగస్టు 2న, మళ్లీ అదే చోట, అలాగే. కుట్టే లోదుస్తు కప్పు కొలత మిల్లీమీటరు తేడా వస్తే వెనక్కి కొట్టే తనిఖీ ఉన్నచోట పీల్చే గాలికి తనిఖీ లేకపోయింది. 2024 ఆగస్టు 21న అదే అచ్యుతాపురంలో ఎసెన్షియా మందుల ఫ్యాక్టరీలో పేలుడు జరిగి 17 మంది పోయారు.

చట్టాలూ ఒప్పందాలూ లేవని అనను. ఢాకా దగ్గర రానా ప్లాజా 2013లో కూలి 1,134 మంది చచ్చిపోయాక పెద్ద బ్రాండ్లు కార్మిక సంఘాలతో కలిసి అకార్డ్ అనే భద్రతా ఒప్పందం మీద సంతకం పెట్టాయి. దాన్ని కోర్టులో నిలదీయవచ్చు; అందుకే వందలాది ఫ్యాక్టరీల్లో మెట్లూ తలుపులూ నిజంగా బాగుపడ్డాయి. యూరప్ 2024లో ఒక చట్టం చేసింది, తమకు సరుకు వచ్చే దారిలో కార్మికుల గోడు పెద్ద కంపెనీలు పట్టించుకోవాలని. అమలుకు రాకముందే, 2025లో, దాన్ని వాయిదా వేసి పలచన చేసే పనిలో పడింది. మన రాష్ట్రం అదే ఏడాది ఫ్యాక్టరీ పనిని రోజుకు పది గంటల దాకా పెంచుకోవచ్చంది. నవంబర్ 21న కేంద్రం నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి తెచ్చింది. సమ్మె కట్టడం కష్టం చేశారని, మనుషుల్ని తీసెయ్యడం సులువు చేశారని సంఘాలు మండిపడ్డాయి. ఆ కోపం న్యాయమైనదేనని నా అభిప్రాయం. కానీ ఆ కట్టలోనే ఒక మంచి ముక్క ఉంది. ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలి.

మూడో నంబరు వేన్‌లోనూ పంచారు. ఒక రాత్రి ఆవిడ రెండు పేజీల ఇంగ్లిష్ కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. "సదివి సెప్పు బాబాయ్. రేపు సంతకం ఎట్టి ఇచ్చీమన్నారు."

చదివాను. యజమాని కంపెనీ కాదు, ఒక మ్యాన్‌పవర్ ఏజెన్సీ. హోదా హెల్పర్. వలిచే పనికి హెల్పర్ అని ఎందుకు రాస్తారో నాకు తెలుసు. నేర్పున్న పని అంటే కనీస వేతనం మెట్టు మారుతుంది. అసలు కిటుకు కింద ఉంది. చేరిన తేదీ కిందటి నెల.

"నువ్వు కరోనా తగ్గినప్పటి నుంచి వెళ్తున్నావు కదమ్మా?"

"అవును మరి. కిందటి నెల అని రాసినారా? అయితే నాను మొన్ననే పుట్టేనన్నమాట" అని నవ్వి, నవ్వు ఆపి, "ఆ ముందుదానికి సాచ్చెం ఏటి?" అంది.

తూకం చీటీలు ఏం చేస్తావని అడిగాను. పారెయ్యదట. మేస్త్రి ఎప్పుడైనా కిలోలు ఎగ్గొడతాడేమోనని అన్నీ ఉంచిందట. ఇంటికెళ్లి ఒక పాత హార్లిక్స్ సీసా, రెండు క్యారీబ్యాగులు తెచ్చింది. గచ్చు మీద పోసి ఏడాదివారీగా సర్దడానికి కూర్చున్నాం. నా వృత్తి ఇదే కదా. చాలావాటిపై సిరా వెలిసిపోయింది, నీళ్లకు కొన్ని అతుక్కుపోయాయి. చదవగలిగినవాటి మీద తేదీ ఉంది, బల్ల నంబరు ఉంది, లాట్ నంబరు ఉంది. ఆ లాట్లు ఏ ప్లాంటులో ప్యాకయ్యాయో ఎగుమతి కాగితాల్లో ఉండే ఉంటుంది. ఆ తేదీల్లో రొయ్యలు వాటంతటవే వలుచుకున్నాయని ఎవరూ అనలేరు.

రేపు సంతకం పెట్టొద్దు, జ్వరమని చెప్పు, సోమవారం ఇవి పట్టుకుని లేబర్ ఆఫీసుకు వెళ్దాం అన్నాను.

"సోమారం సిప్టుంది బాబాయ్" అంది, చీటీలకు రబ్బరు బ్యాండు వేస్తూ. "ఆదోరం తెరిసుంచుతారేటి ఆ ఆఫీసు?"